ఎండ ఒక్కటే చంపలేదు: రాయలసీమలో ఒక గబ్బిలాల తోపు, 2024 వేసవి

నేను పశువైద్యుణ్ని. రోజూ చూసేది గేదెలు, గొర్రెలు, మేకలు. నెమలికి కాలు విరిగినా, కొండముచ్చుకు కరెంట్ షాక్ కొట్టినా అటవీ శాఖ సిబ్బందో ఊళ్ళ కుర్రాళ్ళో ఫోన్ చేస్తుంటారు కాబట్టి ఆ పనీ అలవాటైంది. 2024 ఏప్రిల్ ఆఖర్లో అలాంటి ఫోనే వచ్చింది. కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక పల్లె. చెరువుకట్ట కింద చింతతోపు. అందులో ఉండే పెద్ద గబ్బిలాలు మధ్యాహ్నం పూట చెట్ల మీద నుంచి పడి చనిపోతున్నాయని చెప్పారు. ఊరి పేరు రాయడం లేదు. గబ్బిలం మాంసం తింటే ఆయాసం తగ్గుతుందని నమ్మి వేటకు వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు.

గబ్బిలాలు చనిపోతే పేపర్లో "ఎండలకు తాళలేక" అని రెండు లైన్ల వార్త వస్తుంది. ఎండ సంగతి నిజమే. ఆ వారం రాయలసీమలో చాలా చోట్ల 44 డిగ్రీలు దాటింది. కానీ అదే వారం, అదే ఎండలో, కొన్ని కిలోమీటర్ల దూరంలో గుడి కోనేరు పక్కనున్న ఇంకో తోపులో గబ్బిలాలు చావలేదు. ఈ తేడా ఎందుకొచ్చిందన్నదే ఈ కేసులో నాకు ముఖ్యమైన విషయం.

తోపు, దాని చుట్టూ ఉన్నది

ఇవి మనం ఊళ్ళ దగ్గర పగలంతా తలకిందులుగా వేలాడుతూ చూసే పెద్ద పండ్ల గబ్బిలాలు. ఇంగ్లీషులో ఇండియన్ ఫ్లయింగ్ ఫాక్స్ అంటారు. పెద్దది కిలో, కిలోంబావు తూగుతుంది. రెక్కలు చాపితే నాలుగడుగుల పైమాటే. ఆడది ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. మన వైపు ఈతలు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య. అంటే ఎండలు ముదిరేసరికి చెట్టు మీద ఉన్నవాటిలో సగం పిల్లలకు పాలిచ్చే తల్లులే. ముందు ముందు చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది.

మామూలు సంవత్సరాల్లో ఆ తోపులో వెయ్యికి అటూ ఇటూగా ఉండేవని ఊరివాళ్ళు చెప్పారు. నేను మొదటిసారి సాయంత్రం బయటికెళ్ళేటప్పుడు లెక్కపెడితే అందులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే కనిపించాయి. మిగతావి ఏమయ్యాయో తోపు పక్కనే గొర్రెలు మేపుకునే తాత చెప్పాడు: "సంక్రాంతి ముందరే సగం ల్యాచిపోయినాయి సార్. నీళ్ళు ల్యాకపోతే యాడుంటాయి? రోడ్డు పక్కన చెట్లల్లో చేరినాయి కొన్ని. ఆడ కరెంటు తీగలకు తగులుకుని చస్తాండాయి." వెళ్ళి చూస్తే ఆయన మాట అక్షరాలా నిజం. తీగల మీద ఎండిపోయిన కళేబరాలు వేలాడుతున్నాయి.

కరువు ముందు నుంచీ ఉంది

2023లో ఎల్‌నినో వచ్చింది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానల్ని తగ్గించే పరిస్థితి. ఆ ఆగస్టులో దేశం మొత్తం మీద పడిన వాన 1901 నుంచి ఉన్న రికార్డుల్లో ఏ ఆగస్టులోనూ పడనంత తక్కువ. కర్నూలు, అనంతపురం మండలాలు చాలావాటిని ప్రభుత్వం కరువు మండలాలుగా ప్రకటించింది. ఈ ఊరి చెరువుకు ఆ ఏడాది కొత్త నీరు దాదాపు రాలేదు. సంక్రాంతి తర్వాత చెరువు లోపల ఒక మూల మడుగు తప్ప మిగిలినదంతా పగుళ్ళిచ్చిన ఒండ్రు, సర్కారు తుమ్మ.

మడుగులో నీళ్ళున్నాయి కదా, గబ్బిలాలకు సరిపోవా అని కుర్రాళ్ళు అడిగారు. సరిపోవు. ఈ జాతి గబ్బిలం కాకిలా ఒడ్డున వాలి తాగదు. నీటి మీదుగా తక్కువ ఎత్తులో ఎగురుతూ వచ్చి, ఛాతీ, పొట్ట నీళ్ళకు తాకించి పైకి లేస్తుంది. తర్వాత కొమ్మకు వేలాడి, తడిసిన బొచ్చు నాకి నీళ్ళు తాగుతుంది. అలా దిగడానికి, మళ్ళీ లేవడానికి అడ్డం లేని దారి కావాలి. మడుగు చుట్టూ సర్కారు తుమ్మ తలెత్తు పెరిగిపోయి, నీళ్ళ మీదికి ముళ్ళ కొమ్మలు వాలి ఉన్నాయి. తుమ్మ ముళ్ళకు రెక్క చీరుకుపోయిన గబ్బిలాలు రెండు మూడు ఆ ఒడ్డునే దొరికాయి. నీళ్ళు కంటికి కనిపిస్తున్నాయి, వాటికి అందడం లేదు.

పిట్టల కోసం చెట్లకు మట్టి మూకుళ్ళు కట్టడం మంచి అలవాటే. పిట్టలకు, ఉడతలకు పనికొస్తుంది. ఈ గబ్బిలాలకు దానివల్ల ఉపయోగం లేదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే వాలంటీర్లు ఎంతో ప్రేమతో ముందు చేసేది ఆ పనే.

తిండి సంగతీ అంతే. మర్రి, జువ్వి, మేడి కాయలు పక్వానికి రాకముందే రాలిపోయాయి. తోటల్లో మామిడి, సపోటా ఉన్నాయి గానీ, కాపు తక్కువైన ఏడు రైతు వలలు కట్టుకోకుండా ఎలా ఉంటాడు? ఆ వలల్లో చిక్కి కొన్ని పోయాయి. మిగిలినవి రాత్రంతా దూరాలు తిరిగి, సగం కడుపుతో తెల్లారి తోపుకు చేరేవి.

ఇంకో మార్పు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తోపులో చింతమానుల కింద గుబురుగా ఉండే కానుగ, లంటానా పొదలన్నీ పొయ్యిల కట్టెలకు, దారి శుభ్రం చేయడానికి కొట్టేశారు. చూడ్డానికి తోపు చక్కగా, పార్కులా ఉంది. ఎండ నేరుగా నేల మీద పడి, ఆ వేడి తిరిగి మానులకు కొడుతోంది.

మధ్యాహ్నం ఏం జరిగింది

నేను వెళ్ళిన రోజు పదిన్నరకే వేడిగాలి మొదలైంది. గాలిలో తేమ ఇరవై శాతం లోపే ఉంది. గబ్బిలాలు రెక్కలతో విసురుకుంటున్నాయి. ఇది మామూలే, వేసవిలో ప్రతిరోజూ చేస్తాయి. పన్నెండు దాటాక విసురుకోవడం ఆపి కొమ్మల చివర్ల నుంచి మాను వైపు, నీడ వైపు పాక్కుంటూ వచ్చాయి. తర్వాత నోరు తెరిచి రొప్పడం, ముంజేతులను, రెక్కలను నాక్కోవడం. గబ్బిలానికి మనలా చెమట పట్టదు. లాలాజలాన్ని ఒంటికి పూసుకుని, అది ఆరేటప్పుడు వచ్చే చల్లదనంతోనే నెట్టుకొస్తుంది. గాలి వేడి ఒంటి వేడిని దాటిపోయాక విసురుకున్నా చల్లదనం రాదు, వేడిగాలే తగులుతుంది. ఆపై దిక్కు లాలాజలం ఒక్కటే. ఒంట్లో నీరు లేని జంతువు లాలాజలం ఎక్కడి నుంచి తెస్తుంది?

రెండు గంటల ప్రాంతంలో అవి మానుల మీద కిందికి దిగి ఒకదాని మీద ఒకటి గుంపులు కట్టాయి. అన్నింటికంటే ప్రమాదకరమైన దశ ఇదే. అన్నీ నీడ కోసం ఒకే చోట చేరినట్టు కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నవాటికి గాలి ఆడదు, పైనున్నవాటి వేడి కిందవాటికి తగులుతుంది. అక్కడి నుంచే పడడం మొదలైంది.

కోనేరు దగ్గరి తోపులో అదే సమయానికి మా సహాయకుడు నిలబడి చూస్తున్నాడు. అక్కడా రొప్పాయి, అక్కడా కిందికి దిగాయి. కానీ కింద కానుగ గుబురు ఉంది. విడివిడిగా ఆ నీడలోకి సర్దుకున్నాయి. కొన్ని పట్టపగలే లేచి కోనేటిలో పొట్ట తడుపుకొచ్చాయి. రాత్రి తాగినవే కాబట్టి మధ్యాహ్నం వరకు ఒంట్లో తడి ఉంది.

కళేబరాలు చెప్పింది

పడినవాటిలో ఎక్కువ భాగం పాలిచ్చే తల్లులు, ఆ ఏడు పుట్టిన పిల్లలు. పెద్ద మగవి చాలా తక్కువ. కోసి చూసినవాటిలో ఊపిరితిత్తుల్లో, మెదడు పొరల్లో రక్తం పేరుకుని ఉంది. వడదెబ్బలో చూసేది ఇదే. అక్కడితో ఆగి ఉంటే రిపోర్టులో "వడదెబ్బ" అని రాసేవాణ్ని, తప్పు కూడా కాదు. కానీ దాదాపు అన్నింటిలోనూ మూత్రాశయం ఖాళీ. పేగులో మలం గట్టిపడి ముద్దకట్టింది. ఛాతీ కండలు కరిగిపోయి మధ్య ఎముక వేలికి గుచ్చుకుంటోంది. ఎగిరే జంతువుకు ఛాతీ కండే బలం, ఒక్క మధ్యాహ్నం ఎండకు అది కరగదు. వారాల తరబడి తిండి తగ్గితేనే అలా అవుతుంది. తల్లుల పొదుగు గ్రంథులు మాత్రం ఇంకా పాలతోనే ఉన్నాయి. తన ఒంట్లో నీరు లేకపోయినా పిల్లకు పాలు పంపిస్తూనే ఉందన్నమాట.

అమెరికాలోని కొలరాడోలో రిక్ ఆడమ్స్, మార్క్ హేస్ అనే పరిశోధకులు పురుగులు తినే ఒక చిన్న గబ్బిలం మీద చేసిన పని 2008లో అచ్చయింది. పాలిచ్చే ఆడవి, పిల్లలు లేని ఆడవాటి కంటే 13 రెట్లు ఎక్కువ సార్లు నీటి దగ్గరికి వచ్చాయని అందులో తేలింది. జాతి వేరు, ఖండం వేరు. కానీ పొడి ప్రాంతంలో పాలిచ్చే తల్లికి నీటి అవసరం ఎంతగా పెరుగుతుందో ఆ లెక్క చెబుతుంది. మన తోపులో ముందు తల్లులే ఎందుకు పడ్డాయో నాకు దాని ద్వారానే బాగా అర్థమైంది.

కాబట్టి నా నిర్ధారణ ఇలా రాశాను: దీర్ఘకాల నీటి, ఆహార కొరత వల్ల నీరసించిన గుంపులో తీవ్రమైన వడదెబ్బ. తోపు కింద నీడ పోవడం తోడైన కారణం.

బతికున్నవాటికి చేసిన వైద్యం

ముందు మన రక్షణ. మోచేతి దాకా మందపాటి తోలు గ్లౌజులు, ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు. ముందుగా రేబిస్ టీకా వేయించుకున్నవాళ్ళు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. కుర్రాళ్ళకు ఇష్టం లేకపోయినా అందరినీ దూరంగా నిలబెట్టాను. వాళ్ళకు నీళ్ళు మోయడం, కుక్కల్ని అదిలించడం అప్పగించాం. అవి కూడా అవసరమైన పనులే.

కింద పడ్డదాన్ని నీడలోకి తెచ్చి, మామూలు నీళ్ళను స్ప్రే బాటిల్‌తో రెక్కల మీద, పొట్ట మీద చల్లాలి. ఐస్ నీళ్ళు వద్దు, పైపు పెట్టి కొట్టొద్దు. ఒక్కసారిగా చల్లబడితే చర్మం దగ్గర రక్తనాళాలు బిగుసుకుపోయి లోపలి వేడి బయటికి రాదు. రొప్పడం తగ్గాక, గోరువెచ్చగా చేసిన ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌ను రెండు భుజాల మధ్య చర్మం కింద ఎక్కించాం, కిలో బరువుకు 40–50 మిల్లీలీటర్ల లెక్కన. స్పృహ సరిగా లేనిదానికి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల ఎత్తి చూస్తూ, నాలుకతో అందుకుంటుంటేనే సిరంజితో చుక్క చుక్కగా. తర్వాత గోనెసంచి కట్టిన తాడుకు వేలాడదీయాలి. బుట్టలో పడుకోబెడితే దానికి ఇంకా టెన్షన్.

చనిపోయిన తల్లులకు కరచుకుని ఉన్న పిల్లల దగ్గర చాలా ఓపిక కావాలి. పొదుగు చంకలో ఉంటుంది. పిల్ల పాలపళ్ళు వెనక్కి వంగిన కొక్కేల్లా ఉండి చనుమొనను పట్టేసి ఉంటాయి. లాగితే దాని పళ్ళు, దవడ దెబ్బతింటాయి. నోటి మూలలో తడి వేలు (గ్లౌజుతోనే) మెల్లగా దూర్చి, అది నోరు సడలించే దాకా ఆగాలి. ఒక పిల్లకు అలా చాలాసేపు పట్టింది. వదిలిన వెంటనే నా చొక్కా మడతను గట్టిగా పట్టుకుంది. అలాంటి పిల్లల్ని ఒక గుడ్డ చుట్టకు కరిపించి పాలు పట్టాం. అన్నీ బతకలేదు. బతికిన పెద్దవాటిని ఆ సాయంత్రమే, చల్లబడ్డాక, అదే తోపులో మానుకు ఎక్కించి వదిలాం.

కళేబరాలను అదే రోజు లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం. కుక్కలు, కాకులు ఎత్తుకుపోనీయకూడదు.

నీళ్ళు ఎలా అందించాం

వైద్యం కొన్నింటికి. గుంపంతటికీ కావలసింది నీళ్ళు. ఊళ్ళో బుడ్డల (వేరుశనగ) పంటకు వాడే స్ప్రింక్లర్ సెట్లున్నాయి. ఇద్దరు రైతులు తెచ్చి ఇచ్చారు. నాజిళ్ళను వెదురు గడలకు కట్టి చింతమానుల కింది కొమ్మల దాకా ఎత్తాం, ట్యాంకర్ నుంచి మోటారు. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది టైమ్. గుంపులు కట్టాక మనుషులు చెట్టు కిందికి వెళ్తే భయపడి ఎగురుతాయి, ఆ ఎండలో ఎగరడమే చాలు చావడానికి. అందుకే పైపులన్నీ తెల్లవారుజామున, అవి మేతకెళ్ళి పూర్తిగా తిరిగి రాకముందే బిగించి పెట్టుకుని, పదకొండుకు దూరం నుంచి మోటారు ఆన్ చేసేవాళ్ళం. కాసేపు తడపడం, కాసేపు ఆపడం. మొదటి రోజు బెదిరాయి. రెండో రోజు నుంచి తడిసిన ఆకులు నాకడం మొదలుపెట్టాయి. గుంపులు కట్టడం బాగా తగ్గింది.

ఈ పద్ధతి మన సీమ పొడి ఎండకు పనికొచ్చింది. గుంటూరు, నెల్లూరు వైపు ఉక్కపోత ఎక్కువగా ఉన్న రోజున ఇదే చేస్తే తడి ఆరదు, తేమ ఇంకా పెరిగి బెడిసికొడుతుంది. అక్కడ నీడ, గాలి, రాత్రి తాగడానికి అడ్డం లేని నీరు ముఖ్యం.

రాత్రికి తాగే నీళ్ళ కోసం మడుగు ఒకవైపు సర్కారు తుమ్మ కొట్టించి, అవి దిగడానికి పొడవాటి దారి తెరిచాం. ఊరికి దగ్గర్లో ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి కుంట ఒకటుంటే దాన్నీ నింపాం. అలాంటి కుంటలో ఒక జాగ్రత్త ఉంది. గబ్బిలం నీళ్ళలో పడితే రెక్కలతో ఈదగలదు గానీ నీటి మీద నుంచి ఎగరలేదు. ఒడ్డెక్కి, పైకి పాకి, అక్కడి నుంచి ఎగరాలి. నున్నటి షీటు మీద గోళ్ళు పట్టు దొరక్క మునిగిపోతుంది. నాలుగు వైపులా కొబ్బరి తాళ్ళు, ఎండుకొమ్మలు వేలాడదీశాం.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు

ఆస్ట్రేలియాలో ఈ చావులను చాలా కాలంగా లెక్కగడుతున్నారు. 2002 జనవరి 12న న్యూ సౌత్ వేల్స్‌లో 42 డిగ్రీలు దాటిన ఒక్క రోజులో తొమ్మిది తోపుల్లో 3,500 పైగా పోయాయి. 2014 జనవరిలో ఆగ్నేయ క్వీన్స్‌లాండ్‌లో 45,000 పైగా. 2018 నవంబరులో కెయిర్న్స్ ప్రాంతంలో కళ్ళ చుట్టూ లేత వలయాలుండే ఒక జాతి రెండు రోజుల్లో దాదాపు 23,000 చనిపోయాయి. ఆ దేశంలో ఆ జాతి మొత్తంలో అది ఇంచుమించు మూడో వంతు. ఏడాదికి ఒక్క పిల్లను కనే జంతువు అంత నష్టాన్ని ఎన్నేళ్ళకు పూడ్చుకోవాలి? ఈలోగా ఇంకో వడగాలి వస్తే? వాతావరణ మార్పు వల్ల ఇలాంటి రోజులు దగ్గర దగ్గరగా వస్తుండడమే అసలు ప్రమాదం. మన దేశంలోనూ 2020 మేలో గోరఖ్‌పూర్ జిల్లాలో వందల్లో చనిపోతే కరోనా అని జనం హడలిపోయారు. బరేలీలోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ పరీక్షించి, కరోనా కాదు, ఎండ వేడికి మెదడులో రక్తస్రావం అని తేల్చింది.

ఆస్ట్రేలియాలోని 42 డిగ్రీలనే అంకెను మన తోపులకు ప్రమాద గీతలా గీయొద్దని నా అభిప్రాయం. మాకు ఈ రెండు తోపుల్లో ఉన్నది ఒకే ఉష్ణోగ్రత. ఫలితం వేరు. థర్మామీటర్ ఒక్కటే చూసి హెచ్చరికలిస్తే ఏ తోపుకు ముందు పరుగెత్తాలో తెలియదు. చెరువు ఎప్పుడు ఎండింది, కింద గుబురు ఉందా, ఆ ఏడు మర్రి కాసిందా, ఈ మూడూ తెలిస్తే ఫిబ్రవరిలోనే చెప్పొచ్చు.

నిపా భయం, చెట్లు కొట్టాలన్న మాట

మూడో రోజు గ్రామసభలో కొందరు చెట్లు కొట్టించేద్దాం అన్నారు. వాళ్ళను తప్పుపట్టను. 2018లో కేరళలో నిపా వైరస్‌కు 17 మంది పోయిన సంగతి అందరికీ గుర్తుంది. ఈ జాతి గబ్బిలాల్లో ఆ వైరస్ ఉంటుందన్నదీ నిజమే. వాళ్ళకు నేను చెప్పింది ఆస్ట్రేలియా సంగతే. అక్కడ గబ్బిలాల నుంచి గుర్రాలకు, గుర్రాల నుంచి మనుషులకు వచ్చే హెండ్రా అనే వైరస్ ఉంది, నిపాకు దగ్గరి చుట్టం. 1996 నుంచి 2020 దాకా 25 ఏళ్ళ వివరాలు తీసి పెగ్గీ ఎబీ, రైనా ప్లోరైట్ అనే పరిశోధకుల బృందం 2022లో ప్రచురించింది. ఎల్‌నినో కరువు వల్ల పూలు కరువై, అడవి తగ్గి, పెద్ద గుంపులు చిన్న చిన్నవిగా చీలి ఊళ్ళ దగ్గరికి, పొలాల దగ్గరికి చేరిన కాలాల్లోనే వైరస్ ఎక్కువగా బయటపడింది. అడవిలో పూత బాగా వచ్చిన చలికాలాల్లో ఆగింది.

మన ఊళ్ళో జరిగింది కూడా ఆ చీలడమే. తోపు నుంచి సగం రోడ్డు పక్కకు పోయాయి. చెట్లు కొడితే మిగిలినవీ చీలి ఇళ్ళ పెరళ్ళలోకి వస్తాయి. తోపులోనే నీళ్ళతో, నీడతో ఉండనిస్తే మనకు దూరంగా ఉంటాయి. కొరికిన పండు తినొద్దు, రాత్రి మూత పెట్టని కల్లు కుండలోది తాగొద్దు, చచ్చినదాన్ని ముట్టొద్దు అని చెప్పాం. చట్టం సంగతీ చెప్పాల్సి వచ్చింది. ఒకప్పుడు పండ్ల గబ్బిలాలు కాకులు, ఎలుకలతో పాటు హానికర జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. ఇప్పుడు ఈ జాతికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, చంపడం నేరం. తాత మాత్రం చట్టం జోలికి పోలేదు. "ఈ చుట్టుపక్కల ఇప్ప, మర్రి మొలకలన్నీ యాడివనుకుంటాండారు? అవి యేసినవే" అన్నాడు. సభలో నా ఉపన్యాసం కంటే ఆ మాటే ఎక్కువ పనిచేసింది. చెట్లు నిలిచాయి.

ఆ తర్వాత

2024లో వానలు బాగానే పడ్డాయి. చెరువులో సగానికి పైగా నీరు చేరింది. కార్తీకం నాటికి రోడ్డు పక్కకు పోయినవాటిలో కొన్ని తోపుకు తిరిగొచ్చాయి. అయినా మునుపటి సంఖ్య లేదు. తర్వాతి ఫిబ్రవరిలో ఈతలు చూశాం గానీ, పాలిచ్చే వయసు తల్లులు తగ్గినందున పిల్లలు తక్కువగానే కనిపించాయి. ఉపాధి హామీ పనుల్లో చెరువు లోపల సర్కారు తుమ్మ ఒక పట్టీ వెంట తీయించారు, వానాకాలం వస్తే మళ్ళీ మొలుస్తుంది కాబట్టి ఏటా తీయాలి. తోపు కింద కానుగ మొక్కలు నాటించాం. అవి గబ్బిలానికి నీడనిచ్చే ఎత్తు పెరగడానికి ఇంకా మూడు నాలుగు వేసవులు పడుతుంది. అందాకా ప్రతి మార్చిలో స్ప్రింక్లర్ గడలు కట్టి సిద్ధంగా ఉంచే బాధ్యత ఆ ఇద్దరు రైతులే తీసుకున్నారు. మోటారుకు డీజిల్ పంచాయతీ ఇస్తోంది.